కారు అద్దాల కీచు శబ్దం: నాలుగు తలుపులు, నాలుగు కారణాలు

శనివారం సాయంత్రం

మా కారు నాలుగు అద్దాలూ కీచుమంటున్నాయి. నాయన 2011లో కొన్న హ్యాచ్‌బ్యాక్ ఇది. ఇంజన్ ఇప్పటికీ చక్కగా ఉంది. పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్లేలోపు బండిలో ఉన్న చిన్నాచితకా పనులన్నీ ఇంట్లోనే, నా చేతులతోనే చేసుకోవాలని పెట్టుకున్నాను, అందులో మొదటిది ఈ అద్దాల పని. అలిపిరి టోల్ గేటు దగ్గర డ్రైవరు అద్దం దించితే పక్క వరసలో ఉన్నవాళ్లు తిరిగి చూసేంత శబ్దం వస్తోంది మరి.

ఒక మెకానిక్ దగ్గర చూపిస్తే "పాత బండి కదా సార్, అట్నే ఉంటుంది" అన్నాడు. ఇంకోచోట నాలుగు వైండింగ్ మెషిన్లూ మార్చేయాలన్నారు. అద్దాన్ని పైకీ కిందికీ నడిపే మోటారు, ఇనుప తీగ, పట్టాలు, ఇవన్నీ కలిసిన సెట్టునే వైండింగ్ మెషిన్ అంటారు. నాలుగు మెషిన్లూ ఒకేసారి చెడిపోవడం అనేది నాకు నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే నాలుగు తలుపుల శబ్దమూ ఒకటి కాదు. ఒకే రోగమైతే ఒకేలా అరవాలి కదా.

అందుకే ఈరోజు స్పానర్ ముట్టుకోకుండా వినడానికే కూర్చున్నాను. ఇంటి ముందు రోడ్డు కాస్త సద్దుమణిగాక ఏసీ, ఫ్యాను, పాటలు అన్నీ ఆపేసి, ఇంజన్ మాత్రం నడుస్తుండగా ఒక్కో అద్దాన్నీ దించి ఎత్తాం. ఇంజన్ ఎందుకంటే, ఆపి ఉంటే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులకు మించి ఉండదు, నడుస్తుంటే ఆల్టర్నేటర్ పుణ్యమా అని 14 దగ్గర ఉంటుంది. వోల్టేజి తక్కువైతే మోటారు నెమ్మదిస్తుంది, అప్పుడు బాగున్న అద్దం కూడా బరువుగా కదిలినట్టు అనిపిస్తుంది. మా చిన్నోడు స్విచ్ దగ్గర, నేను తలుపు బయట ఒకసారి, లోపల ఒకసారి చెవి ఆనించి విన్నాను. రాసుకున్నది ఇది.

డ్రైవరు వైపు అద్దం దించినా ఎత్తినా, దారి పొడవునా కీచుమంటుంది. శబ్దం బయటినుంచి గట్టిగా, లోపల తక్కువగా వినిపిస్తుంది. ముందు ఎడమవైపుది దించేటప్పుడు మొదటి అంగుళం, ఎత్తేటప్పుడు చివరి అంగుళం మాత్రమే అరుస్తుంది, మధ్యలో నిశ్శబ్దం. వెనక ఎడమవైపుది వేరే బాపతు, దించేటప్పుడు ఏమీ లేదు, ఎత్తేటప్పుడు తలుపు కడుపులోంచి టకటకమని మొదలై మూలుగుతుంది, పైగా మిగతావి నాలుగు సెకన్లలో ఎక్కితే ఇది ఏడు సెకన్లు తీసుకుంటోంది. వెనక కుడివైపుది మిట్టమధ్యాహ్నం పలకదు, తెల్లవారుజామున మంచు పడినప్పుడు, లేదంటే బండి కడిగి సగం ఆరినప్పుడు మాత్రమే గోల చేస్తుంది.

ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మా పెదనాన్న ఈ కాగితం చూసి ఒకే మాట అన్నాడు. "నూనె కొట్టే ముందు నీళ్లు కొట్టి చూడరా. నీళ్లకు ఆగితే రబ్బరు, ఆగకుంటే మెషిన్."

ఆదివారం పొద్దున

నీళ్ల పరీక్ష చేశాం. స్ప్రే సీసాలో నీళ్లు, అందులో రెండు చుక్కల షాంపూ, అంతే.

ఈ పరీక్ష ఎందుకు పనిచేస్తుందో చెప్పాలి. అద్దం కదిలేటప్పుడు రబ్బరు దాన్ని నున్నగా రాసుకుంటూ పోదు. అద్దానికి అతుక్కుంటుంది, కొంచెం సాగుతుంది, పట్టు తప్పి వెనక్కి జారుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. ఇదంతా సెకనుకు కొన్ని వందలసార్లు జరిగితే మన చెవికి కీచుమని వినిపిస్తుంది. వయొలిన్ తీగ మీద కమాను లాగితే స్వరం పుట్టేది కూడా సరిగ్గా ఇలాగే. మధ్యలో సబ్బునీటి పొర ఉంటే రబ్బరుకు పట్టు దొరకదు, శబ్దం ఆగిపోతుంది. శబ్దం తలుపు లోపలి పట్టాల నుంచో తీగ నుంచో వస్తుంటే మాత్రం అద్దం ఎంత తడిపినా దానికి తేడా తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు వైపులా ఒకేసారి తడిపేస్తే సగం సమాచారం పోతుంది. అద్దాన్ని బయటి వైపు ఒక రబ్బరు, లోపలి వైపు ఒక రబ్బరు తుడుస్తూ ఉంటాయి, తలుపు అంచున అడ్డంగా ఉండే ఈ రెంటినీ మెకానిక్కులు బయటి బీడింగ్, లోపలి బీడింగ్ అంటారు. ఇవి కాక అద్దం నిలువు అంచులు, పై అంచు దూరే గాడిలో చానెల్ రబ్బరు ఉంటుంది. కాబట్టి మొదట బయటి ముఖం తడిపి వినాలి, తుడిచి లోపలి ముఖం తడిపి వినాలి, చివరికి చానెల్ గాడిలోకి కొట్టి వినాలి.

అలా చేస్తే డ్రైవరు అద్దం గాడిలోకి నీళ్లు వెళ్లగానే ఆగిపోయింది. ముందు ఎడమది బయట తడిపితే ఏమాత్రం మారలేదు, లోపలి ముఖం తడపగానే నోరు మూసింది. వెనక ఎడమది ఎంత తడిపినా అదే మూలుగు. వెనక కుడిది పూర్తిగా తడిగా ఉంటే పలకలేదు, గుడ్డతో ఒత్తి సగం ఆరబెట్టాక అరిచింది.

అంటే మూడు తలుపుల్లో రోగం రబ్బరుకీ అద్దానికీ మధ్య ఉంది, ఒక్క తలుపులోనే మెషిన్ వైపు ఉంది. నాలుగు మెషిన్లు మార్చమన్నచోట ఒప్పుకుని ఉంటే బోలెడు డబ్బు పోసి, మూడు తలుపుల్లో అదే కీచు శబ్దంతో ఇంటికి వచ్చేవాళ్లం.

ఆదివారం మధ్యాహ్నం, డ్రైవరు తలుపు

అద్దం పూర్తిగా కిందికి దించి, సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని చానెల్ రబ్బరు గాడిలోకి చూశాను. కొత్త రబ్బరులో ఆ గాడి గోడల మీద సన్నటి మఖమల్ నూగు ఉంటుంది, అద్దం నిజానికి జారేది రబ్బరు మీద కాదు, ఆ నూగు మీద. మా గాడిలో నూగు కనిపించలేదు. నల్లటి జిగురు ముద్ద ఉంది. వేలితో తీసి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రుద్దితే పైన నూనె జిడ్డు, లోపల ఇసుక. వాటర్ సర్వీసుకు ఇచ్చినచోట తలుపు కీళ్లకు నూనె కొడుతూ అద్దం గాడిలో కూడా కొట్టారు, ఆ నూనె దుమ్మునంతా పట్టి ఉంచింది.

మన వైపు దుమ్ము మామూలు దుమ్ము కాదు. పని మీద చిత్తూరు, కుప్పం వైపు తిరుగుతుంటాను, ఆ దారుల్లో గ్రానైట్ దిమ్మెల లారీలు, రాళ్లు కోసే యూనిట్లు చాలా ఉన్నాయి. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ స్కేలు మీద 7, మామూలు గాజు 5.5 దగ్గర ఉంటుంది. ఆ పొడి గాడిలో చేరితే అద్దం కదిలినప్పుడల్లా గాజునే గీస్తుంది. మా డ్రైవరు అద్దం అంచున నిలువుగా సన్నటి గీతలు ఎందుకు పడ్డాయో ఇప్పుడు తెలిసింది. ఆ గీతలు ఇక పోవు, కొత్తవి పడకుండా చూసుకోవడమే.

శుభ్రం చేయడానికి ఎక్కువ సరంజామా అక్కర్లేదు. పాత టూత్ బ్రష్, పిల్లల ప్లాస్టిక్ స్కేలుకు చుట్టిన పాత బనియన్ గుడ్డ, గోరువెచ్చటి షాంపూ నీళ్లు. పైనుంచి కిందికి ఒకే దిశలో లాగాలి, అటూ ఇటూ రుద్దితే మిగిలిన కాస్త నూగు కూడా ఊడిపోతుంది. గుడ్డ ప్రతిసారీ తిప్పి శుభ్రమైన వైపు వాడాలి. మొదట నల్లగా, తర్వాత మన ఎర్రమట్టి రంగులో, చాలాసేపటికి మామూలుగా వచ్చింది. పెట్రోలు, థిన్నర్ ముట్టించకూడదు, జిడ్డు తొందరగా పోతుంది కానీ రబ్బరు ఉబ్బిపోయి నూగు అంటించిన జిగురు కూడా వదిలేస్తుంది. నూనె జిడ్డు మొండికేసిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడిచాను.

మధ్యలో అమ్మ వచ్చి పౌడరు చల్లమంది. పొడిగా ఉన్న రోజుల్లో అది పనిచేస్తుంది, రబ్బరుకు పౌడరు మంచి మందే. కానీ నవంబరు, డిసెంబరు వానలకు గాడిలో ముద్దగా మారి కూర్చుంటుంది, మళ్లీ ఈ తోముడే.

తోమడం అయ్యాక నీడలో బాగా ఆరనిచ్చి సిలికాన్ స్ప్రే కొట్టాను. చాలామంది చేతికి డబ్ల్యూడీ-40 వస్తుంది, అది ప్రతి ఇంట్లో ఉంటుంది కాబట్టి. పట్టేసిన బోల్టుకు, తడిసిన స్విచ్చుకు అది బాగా పనికొస్తుంది, నేనూ వాడతాను. కానీ ఆ మామూలు నీలం డబ్బాలోది పెట్రోలియం నుంచి వచ్చిన ద్రవం. కారు తలుపుల రబ్బర్లు ఎక్కువగా ఈపీడీఎం అనే రకం, ఎండకూ వానకూ ఏళ్ల తరబడి నిలబడతాయి, పెట్రోలియం నూనెకు మాత్రం ఉబ్బి మెత్తబడతాయి. కొబ్బరినూనె, ఇంజన్ ఆయిల్, గ్రీజు ఏది పూసినా వారం రోజులు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత దుమ్ము చేరి మళ్లీ మొదటికే వస్తుంది. డబ్బా మీద సిలికాన్ అని రాసి ఉందా, రబ్బరుకు వాడవచ్చని ఉందా అని చదివి కొనాలి.

కొట్టే పద్ధతి కూడా ముఖ్యమే. డబ్బాతో వచ్చే సన్న గొట్టం తగిలించి గాడిలోకి పలచగా, అటు నిలువు గాడి, పైన అడ్డ గాడి, ఇటు నిలువు గాడి కొట్టి, అద్దాన్ని కొన్నిసార్లు దించి ఎత్తి, అద్దం మీద పడిన మిగులు తుడిచేయాలి. ముందు అద్దం మీద తుంపర పడితే వైపర్లు తిరిగినప్పుడు మబ్బుగా మారి రాత్రిపూట ఎదుటి లైట్లకు ఏమీ కనిపించదు, అందుకే ఆ వైపు పాత టవల్ కప్పాను. బ్రేకు డిస్కు, స్టీరింగ్, పెడల్ వీటి దగ్గరికి రానివ్వకూడదు. ఇది మండే వాయువుతో వచ్చే డబ్బా, తలుపులన్నీ తెరిచి బయట గాలిలోనే కొట్టాలి. ఇంకో మాట, బండికి త్వరలో పెయింట్ వేయించే ఆలోచన ఉంటే ఈ పని దాని తర్వాతే పెట్టుకోండి. సిలికాన్ అంటిన రేకు మీద పెయింట్ నిలవదు, చిన్నచిన్న గుంటలు పడుతుంది.

డ్రైవరు అద్దం శబ్దం పోయింది. మోటారు గుర్రుమనే మామూలు శబ్దం తప్ప ఇంకేమీ లేదు. చిన్నోడు ఊరికే దించుతూ ఎత్తుతూ కూర్చున్నాడు, మోటారు వేడెక్కి ఆగిపోతుందని చెప్పి ఆపించాను. ఈ మోటార్లు మరీ వేడెక్కితే కాసేపు వాటంతటవే ఆగి చల్లబడ్డాక పనిచేస్తాయి. దాన్ని చూసి మోటారు కాలిపోయిందని కొత్తది కొనేవాళ్లు ఉన్నారు.

శనివారం, ముందు ఎడమ తలుపు

ఇది చిన్న పని, కానీ కారణం దొరికినప్పుడు భలే సంతోషం వేసింది.

లోపలి ముఖం తడిపితే ఆగింది, మొదటి అంగుళంలోనే అరుస్తుంది. అంటే అద్దం పూర్తిగా మూసినప్పుడు డోర్ ప్యాడ్ (తలుపుకు లోపలి వైపు బిగించే పలక) అంచుకు ఆనుకుని ఉండే కింది అంగుళంలో, లోపలి వైపు ఏదో ఉంది. పలచటి ప్లాస్టిక్ కవరు వేలికి తొడిగి ఆ చోట అద్దం మీద తడిమితే, ఒట్టి వేలికి తెలియని గరుకు స్పష్టంగా తెలిసింది. పక్కనుంచి టార్చి వేస్తే అడ్డంగా సన్నటి మసక గీత.

అది ఫిల్మ్ జిగురు. నాయన బండి కొన్న కొత్తలో ఎండ ఎక్కువని నల్ల ఫిల్మ్ వేయించాడు. 2012 ఏప్రిల్‌లో కారు అద్దాలకు ఫిల్మ్ అంటించకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక అందరిలాగే మేమూ తీయించాం. తీసిన మనిషి అద్దం మూసి ఉంచి పైనంతా తుడిచాడు, డోర్ ప్యాడ్‌కు ఆనుకున్న ఆ కింది అంగుళం దగ్గర గుడ్డ ఆడలేదు. ఆ మిగిలిన జిగురు ఇన్నేళ్లూ దుమ్ము తింటూ గట్టిపడి, అద్దం కదిలినప్పుడల్లా లోపలి బీడింగ్‌ను పట్టుకుంటోంది.

అద్దాన్ని మూసే ఉంచి, లోపలి బీడింగ్‌ను స్కేలుతో కాస్త వెనక్కి నెట్టి పట్టుకుని, సబ్బునీళ్లతో బాగా తడిపి, కొత్త బ్లేడును దాదాపు అద్దానికి ఆనించినట్టు పడుకోబెట్టి లాగితే జిగురు తీగలుగా వచ్చింది. అద్దం ఆరిపోతే బ్లేడు ఆపేయాలి, పొడి అద్దం మీద ఇసుక రేణువు బ్లేడు కింద పడితే గీత ఖాయం. చివర ఆల్కహాల్ గుడ్డ, ఆ తర్వాత బీడింగ్ అంచుకు గుడ్డతో సిలికాన్ తడి. అంతే. వెనక తలుపులకు కూడా అదే చోట కొంచెం జిగురు ఉంటే తీసేశాను.

ఆదివారం, వెనక ఎడమ తలుపు

దీనికి మాత్రం డోర్ ప్యాడ్ విప్పక తప్పలేదు. పొద్దున్నే మొదలుపెట్టాం, ఎండ ముదిరాక మన ఊళ్లో రేకు మీద చెయ్యి పెట్టలేం. పెదనాన్న కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాడు.

స్క్రూలు రెండు చోట్ల దాక్కుంటాయి. తలుపు తెరిచే హ్యాండిల్ వెనక చిన్న మూత కింద ఒకటి, చెయ్యి పెట్టి లాగే గాడి అడుగున ఒకటి. అవి తీశాక ప్యాడ్ అంచుల చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి, కింది మూల నుంచి ప్లాస్టిక్ పట్టీతో లేపుతూ రావాలి. ఇనుప స్క్రూడ్రైవర్‌తో లేపితే రంగు లేస్తుంది, క్లిప్పు తల విరుగుతుంది. పాత క్లిప్పుల్లో ఒకటో రెండో ఎలాగూ విరుగుతాయి కాబట్టి రేణిగుంట రోడ్డులో స్పేర్ పార్టుల అంగడిలో కొన్ని విడిగా తెచ్చి పెట్టుకున్నాను. క్లిప్పులన్నీ వదిలాక ప్యాడ్‌ను మన వైపు లాగకూడదు, పైకి ఎత్తాలి, పై అంచు తలుపు రేకుకు తగులుకుని ఉంటుంది. వెనక స్విచ్ వైరు కప్లర్, హ్యాండిల్ తీగ ఉంటాయి, వాటిని విడదీశాకే ప్యాడ్ పక్కన పెట్టాలి.

ప్యాడ్ వెనక నల్ల జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. చాలామంది దాన్ని చింపి అవతల పడేస్తారు. అద్దం మీద పడ్డ వాన నీళ్లు కొంత బీడింగ్ దాటి తలుపు లోపలికి దిగడం మామూలే, ఆ నీళ్లు బండి లోపలికి రాకుండా కిందికి పంపేది ఆ షీటే. అది లేకపోతే వానాకాలంలో కార్పెట్ తడిసి ముక్కవాసన వస్తుంది. జిగురును కొంచెం కొంచెంగా లాగి, చిరగకుండా సగం వరకు విప్పి, టేపుతో పక్కకు కట్టాను.

ఇప్పుడు స్విచ్ ఒక్కటే మళ్లీ తగిలించి, చేతులు బయట ఉంచి, అద్దాన్ని మెల్లగా ఎత్తించాను. ఇక్కడ వేళ్లు లోపల పెట్టకూడదు, మోటారుకు వేలని తెలియదు. టార్చి వేసి చూస్తుంటే ముందు మూల ముందే లేస్తోంది, వెనక మూల వేలి మందం వెనకబడి, ఆ తర్వాత టక్కుమని అందుకుంటోంది. అద్దం వంకరగా ఎక్కుతూ వెనక గాడిని ఒరుసుకుంటోంది. ఆ మూలుగు అదే, ఆ ఏడు సెకన్లూ అందుకే.

"పట్టా బోల్టు చూడరా" అన్నాడు పెదనాన్న. అద్దాన్ని మోసే ప్లాస్టిక్ ముక్క జారే నిలువు ఇనుప పట్టా ఉంటుంది, దాని కింది బోల్టు మీద వేలు పెడితే వేలికే తిరిగింది. వాషరు పక్కన తలుపు రేకు మీద రంగు పోయి గుండ్రంగా మెరుస్తోంది, అంటే ఇది నిన్నామొన్న వదులైంది కాదు, పట్టా చాలాకాలంగా అటూ ఇటూ ఆడుతూ రేకును అరగదీసింది. పట్టా మీద కంపెనీ గ్రీజు ఎండి గోధుమ రంగు మైనంలా గట్టిపడి, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది.

బోల్టులు ముట్టుకునే ముందు అద్దాన్ని పైకి ఎత్తి, వెడల్పు టేపుతో తలుపు ఫ్రేము మీదుగా ఇటునుంచి అటు కట్టేశాం. ఈ ఒక్క పని మరిచిపోతే బోల్టు వదులు చేయగానే అద్దం జారి తలుపు అడుగున పడుతుంది. పట్టాను డీగ్రీజర్ తడిపిన గుడ్డతో తుడిచి, పాత గ్రీజు అంతా తీసి, తెల్ల లిథియం గ్రీజు పలచగా పూశాను. సిలికాన్ రబ్బరుకు, లిథియం గ్రీజు ఇనుముకు, ఈ రెండూ తారుమారు చేయకూడదు. ఇనుప తీగను మొత్తం పొడవునా టార్చితో చూశాం, ఎక్కడైనా పోగులు తెగి లేచి ఉంటే మెషిన్ మార్చాల్సిందే, తెగే తీగకు గ్రీజు మందు కాదు. మాది బాగుంది. ప్లాస్టిక్ ముక్క కూడా పగల్లేదు.

అద్దం సరిచేసే కిటుకు పెదనాన్న చూపించాడు. పట్టా బోల్టులు చేత్తో బిగించినంతే ఉంచి, టేపు తీసి, అద్దాన్ని చివరిదాకా ఎత్తాలి. పై గాడిలో రెండు మూలలూ సమంగా కూర్చున్నప్పుడు పట్టా తనకు కావాల్సిన చోటుకు తానే సర్దుకుంటుంది. అలా ఎత్తి ఉంచే పది నంబరు స్పానర్‌తో కింది బోల్టు, పై బోల్టు బిగించాలి. అద్దం కింద ఉన్నప్పుడు బిగిస్తే ఎంత కొలిచినా వంకర మిగులుతుంది. ఆ బోల్టు మళ్లీ వదులు కాకుండా మరకు ఒక చుక్క నీలం రంగు థ్రెడ్ లాకర్ పెట్టాను. నీలం రకమే, అవసరమైతే మామూలు స్పానర్‌కే వస్తుంది.

ఎత్తి చూస్తే నాలుగు సెకన్లు. శబ్దం లేదు.

మూసేముందు తలుపు అడుగు చూశాను. అక్కడ నీళ్లు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి, మా తలుపువి ఎర్రమట్టితో పూడిపోయాయి. పొరక పుల్లతో కింది నుంచి పొడిస్తే మట్టి రాలి, వెనకే గ్లాసుడు నీళ్లు కారాయి. ఎండాకాలంలో! ఎప్పటి వాన నీళ్లో. ఈ రంధ్రాలు మూసుకుపోతేనే తలుపుల అడుగున తుప్పు మొదలవుతుంది, మీ బండికి అద్దాల బాధ లేకపోయినా ఈ పొరక పుల్ల పని మాత్రం చేయండి. మిగతా మూడు తలుపులకూ ప్యాడ్ విప్పకుండానే కింది నుంచి పొడిచాను.

షీటును దాని నల్ల జిగురు మీదే గట్టిగా ఒత్తి అంటించి, కింది అంచు తలుపు గాడి లోపలికి పోయేలా చూసి, ప్యాడ్ బిగించేశాం. బిగించే ముందు స్విచ్, లాకు, హ్యాండిల్ మూడూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి.

వారం మధ్యలో, వెనక కుడి తలుపు

సగం తడికి అరిచేది ఇదే. రెండు కారణాలు దొరికాయి. మా బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేయడం వల్ల అద్దం మీద తెల్లటి ఉప్పు మచ్చలు. సూపర్ బజారులో దొరికే వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి మచ్చల మీద కాసేపు అంటించి ఉంచితే చాలావరకు కరిగాయి. పెయింట్ మీద, బీడింగ్ మెరుపు పట్టీ మీద కారకుండా చూసి, వెంటనే మంచినీళ్లతో కడిగేశాను.

అయినా పూర్తిగా పోలేదు. బండి నిలిపే చోట ఈ వైపు తలుపు పడమటి ఎండకు ఉంటుంది. చానెల్ రబ్బరును గోటితో నొక్కితే మిగతా తలుపుల రబ్బరు లొంగుతోంది, ఇది లొంగడం లేదు, మూలలో సన్నటి పగుళ్లు కూడా ఉన్నాయి. గట్టిపడిన రబ్బరుకు సిలికాన్ కొన్నాళ్లు ఊరటనిస్తుంది కానీ మెత్తదనం తిరిగి రాదు. మార్చడమే నయం అనుకున్నాను. బండి మోడల్, సంవత్సరం, వెనక కుడి అని చెప్పి తెప్పించాను, మీటర్ల లెక్కన అమ్మే రబ్బరు వద్దన్నాను, దాని మూలలు తలుపు మూలలకు కుదరవు.

మార్చడం తేలిక. అద్దం పూర్తిగా దించి, పాతదాన్ని పై మూల నుంచి చేత్తో లాగితే వచ్చేస్తుంది. ఖాళీ గాడిని తుడిచి, కొత్తదాన్ని ముందు రెండు పై మూలల్లో కూర్చోబెట్టి, తర్వాత పై అడ్డం, చివర నిలువు భాగాలు కిందికి ఒత్తుకుంటూ పోవాలి. ఒక చివర నుంచి మొదలుపెట్టి లాగుతూ పోతే రబ్బరు సాగి, చివర మిగిలిపోతుంది, అప్పుడు కొయ్యాలనిపిస్తుంది. కొయ్యకూడదు, విప్పి మళ్లీ మూలల నుంచి రావాలి. మొదటి రోజు అద్దం కాస్త బిగువుగా కదిలింది, రాత్రంతా మూసి ఉంచితే సర్దుకుంది.

శుక్రవారం, కొండ మీద

మంచులోనే అరిచేది కాబట్టి మంచులోనే చూడాలని తెల్లవారకముందే తిరుమలకు బయల్దేరాం, దర్శనం కూడా అవుతుందని అమ్మ వచ్చింది. అలిపిరిలో తనిఖీకి నాలుగు అద్దాలూ దించాం, నాలుగూ గప్‌చుప్. ఘాట్ రోడ్డు సగం ఎక్కాక మబ్బు దిగి అద్దాలన్నీ చెమ్మగిల్లాయి. ఒక మలుపు దాటాక వెనక కుడి అద్దం దించమన్నాను, చిన్నోడు దించాడు, ఎత్తాడు, సగం దించి మళ్లీ ఎత్తాడు. "ఏం లేదు నాన్నా" అన్నాడు. ముందు ఎడమది కూడా అంతే.

దిగేటప్పుడు పాత ఘాట్ రోడ్డు మలుపుల్లో వెనక ఎడమ తలుపు నుంచి సన్నటి గిలక శబ్దం వినిపించింది. అద్దం పూర్తిగా మూసి ఉంటే లేదు, సగం దించి ఉంటేనే వస్తోంది. ప్యాడ్ క్లిప్పు ఒకటి సరిగ్గా కూర్చోలేదో, పక్కనున్న చిన్న అద్దానికీ దీనికీ మధ్య నిలువు కమ్మీ స్క్రూ వదులుగా ఉందో తేల్చాలి. ఆ కమ్మీ పై స్క్రూ బీడింగ్ కింద ఉంటుందని పెదనాన్న చెప్పాడు. ఆదివారం అక్కడి నుంచి మొదలుపెడతాను.